నాలుగు వందల పదిహేడో నంబరు కోటు

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, కోర్టులో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశారు. లాయరుగా కాదు, జడ్జిగా అసలే కాదు. దావాల కట్టలు ఈ గదిలోంచి ఆ గదిలోకి చేరవేసే పని. మోసి మోసి చట్టం ఆయన ఒంటికి పట్టింది గానీ వాదించే అవకాశం మాత్రం ఒక్కనాడూ రాలేదు. రిటైరయ్యాక ఆ కసంతా మా కొట్టు మీద తీర్చుకున్నారు. పొద్దున్నే వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళకీ పోయేవాళ్ళకీ సెక్షన్లు వినిపించేవారు. వీధిలో అందరూ ఆయన్ని సెక్షన్ల తాతయ్య అంటారు. ఆ సంగతి ఆయనకి తెలుసు, లోలోపల సంతోషం కూడాను.

మాది రఫూ కొట్టు. రఫూ అంటే అతుకు వేయడమేగా అని ఎవరైనా అంటే మా ఆయనకి ఒళ్ళు మండేది. చిరిగిన కోటుకి ఆ కోటు లోపలి మడతలోంచే దారాలు లాగి, నిలువూ అడ్డం ఒక్కో పోగూ అల్లి, చిరుగు ఎక్కడ ఉండేదో చింపుకున్నవాడికే తెలియకుండా చేయడం రఫూ. లాగిన దారాల్లో నాలుగు మిగిలితే వాటిని చిన్న కాగితంలో మడిచి, పైన నంబరు వేసి, సొరుగులో పెట్టేవారు. కోటు తిరిగి ఇచ్చేటప్పుడు ఆ పొట్లం కూడా ఇచ్చేవారు. "ఈ పోగులు ఎవడికి కావాలండీ, ఊడ్చి పారేయక" అని నేను విసుక్కుంటే, "మనవి కావు కదా పారేయడానికి" అనేవారు. ఆ సొరుగు ఎప్పుడూ ఎలకలు గూడు పెట్టుకున్నట్టే ఉండేది.

బావగారికి ఇలాంటివి వింటే ఉత్సాహం వచ్చేది.

"చూడు తమ్ముడూ, ఇల్లూ పొలమూ కానిది, చేత్తో పట్టుకుపోగలిగేది ఏదైనా చరాస్తి. కోటు చరాస్తి. అది నీ కొట్టులో వేలాడుతోంది గానీ నీది కాదు. సొంతదారు వేరు, దగ్గర ఉంచుకున్నవాడు వేరు. నీ వస్తువుని నువ్వెంత జాగ్రత్తగా చూసుకుంటావో దాన్నీ అంత జాగ్రత్తగా చూడాలి. పని కాగానే, ఇచ్చినవాడికే, ఇచ్చిన వస్తువునే తిరిగి ఇవ్వాలి. అప్పగింత అంటే అదీ."

"నా వస్తువుల్ని చూసుకున్నట్టు చూస్తే వాళ్ళ కోట్లు పాడైపోతాయన్నయ్యా" అనేవారు మా ఆయన సూది మీంచి కళ్ళెత్తకుండా. నిజమే. ఆయన చొక్కా రెండు మోచేతుల దగ్గరా చిరిగే ఉండేది. ఊరందరి చిరుగులూ కనపడకుండా చేసే మనిషికి సొంత చిరుగు కనపడేది కాదు.

చీటీ పుస్తకం అచ్చు వేయించింది కూడా బావగారే. ఒకే నంబరు మీద రెండు ముక్కలు. ఒకటి బట్టకి గుచ్చుతాం, రెండోది మనిషికి ఇస్తాం. కింద సన్నటి అక్షరాల్లో 'తొంభై రోజులలోగా తీసుకువెళ్ళని వస్తువులకు మా పూచీ లేదు' అని ఉంటుంది. వస్తువు తీసుకున్నవాళ్ళు చీటీ మీద 'ముట్టింది' అని రాసి తిరిగి ఇస్తే, దాన్ని గోడకున్న మేకుకి గుచ్చుతాం. ఆ తొంభై రోజుల మాట మా ఆయన ఎన్నడూ లెక్కచేయలేదు. మూడేళ్ళ కిందటి శాలువా కూడా పైదండెం మీద అలాగే ఉండేది. ఎవరితోనైనా ప్రత్యేకంగా మాట అనుకుంటే, అది వాళ్ళ ముక్క వెనకాలే రాసి ఇచ్చేవారు. బట్టకి గుచ్చిన ముక్క మీద రాసేవారు కాదు.

"మన దగ్గర కూడా రాసి ఉంచుకోవాలి కదా" అంటే, "మాట ఇచ్చినవాడికి చీటీ ఎందుకే, తీసుకున్నవాడికి కావాలి గానీ. నాకు గుర్తుంటుంది" అనేవారు.

గుర్తుండేది కూడా. రెండొందల కోట్లుంటే రెండొందల మాటలూ ఆయన తలలో ఉండేవి. ఆ తలతో పాటే అవీ పోతాయని ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు.

ఒక ఉదయం టీ తీసుకుని వెళ్ళేసరికి బల్ల మీద తల వాల్చి ఉన్నారు. సూది వేళ్ళ మధ్యే ఉంది. పట్టపగలు ఈ నిద్రేమిటి, ఇలా అయితే కొట్టు మూసుకోవడమే అని నేను గట్టిగా తిట్టాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గ్లాసు చప్పుడయ్యేలా పక్కన పెట్టాను కూడా. అప్పటికి ఆయన పోయి ఎంతసేపయిందో నాకు తెలియదు. ఆయనతో ఆఖరున నేనన్న మాటలు అవే. ఇది ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఆ రోజు అల్మారా తెరిస్తే ఆయనకి తొడగడానికి చిరుగు లేని చొక్కా ఒక్కటి లేదు. ముప్పై ఏళ్ళు కోట్ల మధ్య కూర్చున్న మనిషి. ఒక్కసారైనా ఏ కోటూ ఒంటి మీద వేసుకుని అద్దంలో చూసుకోలేదు. ఒకసారి నేను సరదాకి ఎవరిదో శాలువా కప్పుకుంటే నా చేతిలోంచి లాక్కుని, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అలాంటి మనిషిని చిరిగిన మోచేతులతో పంపడానికి నాకు మనసొప్పలేదు. నేరుగా కొట్టులోకి వెళ్ళాను. పైదండెం మీద నాలుగు వందల పదిహేడో నంబరు కోటు ఉంది. ముదురు నీలం, లోపల బూడిదరంగు అస్తరు. ఎడమ మోచేతి దగ్గర జానెడు చిరుగుతో వచ్చింది. పదకొండు రోజులు పట్టింది ఆయనకి. పూర్తయిన రోజున నన్ను పిలిచి, "ఎక్కడ చిరిగిందో కనిపెట్టు చూద్దాం" అన్నారు. పావుగంట వెతికాను. కనపడలేదు. అంత సంతోషంగా ఆయన్ని నేను అరుదుగా చూశాను.

కోటు వచ్చి నాలుగు నెలలయింది. కోటుకి గుచ్చిన చీటీ ముక్క చూశాను, వెనకాల ఏమీ లేదు. బావగారి దగ్గరికి పట్టుకెళ్ళి, "ఇది తొడగొచ్చా?" అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "తొంభై రోజులు దాటిందిగా అమ్మాయ్. మనదే అనుకో" అన్నారు. పూచీ లేదు అంటే మన సొంతమైపోయినట్టు కాదని ఆయనకి తెలియదా? బాగా తెలుసు. కానీ ఎదురుగా పడుకుని ఉన్నది తమ్ముడు. భుజాలు వదులయ్యాయి. వెనక రెండు పిన్నులు పెట్టి బిగించాను. ఆయన చేతిపని ఆయన ఒంటి మీదే మట్టిలోకి వెళ్ళింది. నాకు ఆ దుఃఖంలోనూ ఒక తృప్తి ఉండింది. దొంగ తృప్తి.

ఇది జరిగిన ఎనిమిది నెలలకి, మధ్యాహ్నం భోజనాల వేళ, ఒకావిడ వచ్చింది. నా వయసే ఉంటుంది. తలుపు దగ్గరే నిలబడి కొట్టు బోర్డు చదివి, చేతిసంచిలోంచి చీటీ తీసి, "ఇది ఇక్కడిదేనా అమ్మా?" అంది.

నంబరు చూశాను. నాలుగు వందల పదిహేడు.

"మా అబ్బాయిది. ఓడలో వంట చేసేవాడు. ఓడెక్కే ముందు ఇచ్చినట్టున్నాడు. నాకు తెలియదు. వాడి సొరుగు తెరవడానికి ఇన్నాళ్ళూ నాకు చేతులు రాలేదు. మొన్న తెరిస్తే సర్టిఫికెట్ల మధ్య కనపడింది." ఆవిడ చీటీ నా చేతిలో పెట్టింది. "ఓడ మునిగిపోయింది. అయిదు నెలలయింది. నలుగురు దొరికారు. వాడు దొరకలేదు. ఇక దొరకరు, మీరు జరపాల్సింది జరిపించుకోండి అని కంపెనీవాళ్ళు కాగితం పంపారు. ఏం జరిపించను? మట్టిలో పెట్టడానికి ఏముంది నా దగ్గర? మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు నేనే కుట్టించాను ఆ కోటు. అదుంటే చాలు. దాన్నే పెట్టి, వాడి పేరు రాయించుకుంటాను."

ఏదో ఒకటి చేయాలని చీటీ తిప్పాను. వెనకాల మా ఆయన చేతిరాత. ఒత్తి రాసే పెన్సిలు, కుడివైపుకి వాలిపోయే అక్షరాలు. 'ఓడ మీద వెళ్తున్నారు. వచ్చేదాకా ఉంచాలి.'

ఎనిమిది నెలల తర్వాత ఆయన నాతో మాట్లాడినట్టయింది. మాట్లాడింది ఆ మాట.

"పైన ఎక్కడో ఉంటుందండీ. వెతికి పెడతాను. రేపు రండి" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో అబద్ధం. ఆవిడ నా చేతిలోంచి చీటీ జాగ్రత్తగా తీసుకుని, నాకు దణ్ణం కూడా పెట్టి వెళ్ళిపోయింది. దణ్ణం పెట్టకపోయినా బాగుండేది.

బావగారు కుర్చీలోంచి అంతా విన్నారు. చాలాసేపు గొడుగు కొనతో నేల మీద గీతలు గీసి, చివరికి గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్, ఆ మూల ఇంకో నల్ల కోటు ఉంది. ఎవరూ అడగనిది. ఆవిడేమో ఏడాది నుంచి కోటు చూడలేదు. మట్టిలో పెట్టేదే కదా."

నాకు తిక్క రేగింది. "ఇచ్చిన వస్తువునే తిరిగి ఇవ్వాలని ఇరవై ఏళ్ళుగా మా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది మీరు కాదూ? కన్నతల్లి కుట్టించిన కోటు. ఆమెకి తెలియదా ఏది తన కొడుకుదో? మీ తమ్ముడు ఉండి ఉంటే ఈ మాట ఆయన ముందు అనేవారా?"

ఆయన గొడుగు గోడకి ఆనించి, "అచ్చులో ఏముంటే ఏం, చేత్తో రాసి ఇచ్చిన మాట దాన్ని కొట్టేస్తుంది. ఆ రాత లేకపోయినా కోటు మనదయ్యేది కాదు. తప్పు చెప్పాను. తెలిసే చెప్పాను. వాణ్ణి అలా చూడలేక చెప్పాను" అన్నారు. కళ్ళజోడు తీశారు గానీ తుడుచుకోలేదు. నేనూ ఆయన్ని ఇంకేమీ అనలేకపోయాను. ఆ రోజు కోటు దించింది ఆయన కాదు, నేనే.

మర్నాడు పొద్దున సొరుగు బల్ల మీద బోర్లించాను. అంతవరకు దాని జోలికి పోలేదు. ఏదో మూల, రెండు బొత్తాల కింద, పొట్లం దొరికింది. 417. విప్పితే ఏడు పోగులు, ముదురు నీలం. మళ్ళీ మడిచి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ సరిగ్గా పదింటికి వచ్చింది. కోటు పెట్టుకోవడానికి తెల్లటి గుడ్డ సంచీ తెచ్చుకుంది, ఇస్త్రీ చేసినది.

కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. నిలబడే ఉంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు, అందుకే ఏకబిగిన చెప్పేశాను. మా ఆయన పోయిన సంగతి, చొక్కా లేని సంగతి, వెనకాల రాసిన మాట నాకు తెలియని సంగతి. తొంభై రోజుల ఊసు మాత్రం ఎత్తలేదు. ఎత్తడానికి మొహం చెల్లలేదు.

ఆవిడ మొహంలో కోపం రావడం నేను చూశాను. మెల్లగా వచ్చింది. మాట మాత్రం పెంచలేదు.

"మీకు మనిషి దొరికాడు కదమ్మా పూడ్చుకోవడానికి" అంది. "నాకు కోటే ఉంది. మీరు రెండూ పెట్టేసుకున్నారు."

నా జన్మలో అంత నిజమైన మాట నన్నెవరూ అనలేదు. నిలబడి ఆ మాట పడ్డాను. ఏడుపు వచ్చింది గానీ, ఆవిడ ముందు ఏడ్చే హక్కు నాకు లేదనిపించి పళ్ళ బిగువున ఆపుకున్నాను.

సంచీని నాలుగు మడతలు పెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. వెళ్ళిపోతుందనుకున్నాను.

"సరిపోయిందా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆయనకి. కోటు సరిపోయిందా?"

"భుజాలు కొంచెం వదులయ్యాయండీ. వెనక రెండు పిన్నులు పెట్టాను."

"మావాడివి వెడల్పు భుజాలు" అంది. అప్పుడు కూర్చుంది. కూర్చుని, మడిచిన సంచీలో మొహం దాచుకుని ఏడ్చింది. నేను ఆపుకున్నది కూడా అప్పుడు వచ్చేసింది. కిటికీ దగ్గర బావగారు అటు తిరిగి వీధిలోకి చూస్తూ ఉన్నారు. ఎవరో పాంటు పట్టుకుని వస్తే, చేయి ఊపి పంపించేశారు.

చాలాసేపటికి ఆవిడ చేతిలో పొట్లం పెట్టాను. అదేమిటో చెప్పాను. ఆవిడ విప్పి, పోగులు వేలికి చుట్టుకుని చూసి, "ఇవి కూడా దాచారా ఆయన" అంది. ఆ తర్వాత, "ఎక్కడుంది, చూపిస్తారా?" అంది.

బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. బావగారు వెనక సీట్లో గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. రమ్మని నేను అనలేదు, రావద్దనీ అనలేదు. సమాధుల తోటలో గేటు నుంచి ఎడమ పక్క మూడో వరస. రాయి మీద మా ఆయన పేరు, కింద 'రఫూ పనివారు' అని చిన్నగా. అది నేనే రాయించాను.

ఆవిడ చెప్పులు విప్పి, రాయి పక్కన నేల మీద కూర్చుంది. మట్టి మీద అరచేయి పెట్టింది. ఏ జేబు ఎక్కడుంటుందో, బొత్తాలు ఎక్కడుంటాయో లెక్కేసుకుంటున్నట్టు ఆ చేయి మెల్లగా ఎడమవైపు జరిగి, మోచేయి ఉండే చోట ఆగింది.

"ఇక్కడే చిరిగింది కదూ" అంది.

"అవునండీ."

"తలుపు మేకు తగిలింది. నేనే తిట్టాను వాణ్ణి. కొత్త కోటు, ఒళ్ళు తెలియదా నీకు అని. అందుకే నాకు చెప్పకుండా బాగుచేయించుకుందామనుకున్నాడు." మట్టి మీంచి చేయి తీయకుండానే, "వెళ్ళేరోజు కూడా నేను సరిగ్గా మాట్లాడలేదు వదినగారూ" అంది.

వదిన ఎప్పుడయ్యానో నాకు తెలియదు. టీ గ్లాసు సంగతి అప్పుడు చెప్పాను ఆవిడకి. పోయిన మనిషిని తిట్టిన సంగతి. నేను చెప్పిన ఆ ఒక్కరూ ఆవిడే. ఆవిడ ఓదార్చలేదు. విని, తల ఊపింది. నాకు అదే చాలనిపించింది.

లేచేముందు సంచిలోంచి చీటీ తీసింది. "మీ కొట్టు గోడ మేకుకి చూశాను, దీని మీద ఏదో రాసివ్వాలి కదా, వస్తువు తీసుకున్నాక."

"మీరు తీసుకోలేదు కదండీ" అన్నాను. "చీటీ మీ దగ్గరే ఉండనివ్వండి. అది ఉన్నంతకాలం నేను మీకు బాకీయే."

ఆవిడ వినిపించుకోలేదు. బావగారి జేబులో పెన్సిలుంది. అడిగి తీసుకుంది. చీటీని సమాధి రాయి మీద ఆనించి, మా ఆయన రాసిన మాట కింద, కూడబలుక్కుంటూ ఒక మాట రాసింది. తర్వాత రాయి వైపు వంగి, కొట్టులో బల్ల వెనకాల కూర్చున్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది.

"అన్నయ్యగారూ, మావాడు రాడు. ఇక మీరు ఉంచక్కర్లేదు. మీరే వేసుకోండి."

చీటీ నా చేతికిచ్చి, చెప్పులు వేసుకుని గేటు వైపు నడిచింది. ఇస్త్రీ చేసిన సంచీ ఖాళీగా చంకలో ఉంది. పొట్లం మాత్రం గుప్పిట్లో పట్టుకుంది. బావగారు గొడుగు విప్పి, ఎండ తగలకుండా ఆవిడ పక్కన నడిచారు. నేను కాసేపు అక్కడే ఉండిపోయాను.

చీటీ మేకుకి గుచ్చలేదు. నా దగ్గరే ఉంది. పైన ఆయన రాత, 'వచ్చేదాకా ఉంచాలి.' కింద ఆవిడ రాత, 'ముట్టింది.'